ఇల్లెందు రైల్వే స్టేషన్ చరిత్రను ఇప్పుడే రాసి పెట్టాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

మన రాష్ట్రంలో రైల్వే స్టేషన్లను తిరిగి కడుతున్న వార్తలను మీ పత్రికలో శ్రద్ధగా చదువుతున్నాను. బేగంపేట, వరంగల్ స్టేషన్లు కొత్త రూపు దిద్దుకున్నాయి. సికింద్రాబాద్ స్టేషన్ పాత కట్టడం నేలమట్టమై, ఆ చోట కొత్తది లేస్తున్నది. ఈ సందర్భంగా నగరంలోని పాత స్టేషన్ల గురించి వ్యాసాలు చాలానే వచ్చాయి. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాల గురించి, ఘోషా స్త్రీల కోసం అక్కడ చేసిన ప్రత్యేక ఏర్పాట్ల గురించి చదవడం ఎవరికైనా సంతోషమే. అయితే ఆ గుమ్మటాల కింద ఆగిన ఆవిరి ఇంజన్ల కాలాన్ని తలచుకుంటున్న మనం, ఆ కాలాన్ని నడిపిన బొగ్గు మొదట ఏ స్టేషన్ నుంచి బయలుదేరిందో చెప్పే వ్యాసం ఒక్కటైనా ఇంతవరకు రాసుకున్నట్టు నాకు కనిపించలేదు. ఆ స్టేషన్ ఇల్లెందు. దాని చరిత్రను ఇప్పుడే, ఒక పద్ధతి ప్రకారం రాసి పెట్టవలసిన అవసరాన్ని మీ పాఠకుల ముందు ఉంచడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే దారిలో డోర్నకల్ జంక్షన్ ఉంది. అక్కడ ప్రధాన మార్గాన్ని వదిలి, కారేపల్లి మీదుగా అడవిలోకి సాగే శాఖకు 1888లో చివరి స్టేషన్ ఇల్లెందు. డోర్నకల్ ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉంది, కారేపల్లి ఖమ్మం జిల్లాలో, ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో. ఇంత చిన్న దారి మూడు జిల్లాల పాలైంది కనుక ఇది మాది అని పట్టించుకునే జిల్లా యంత్రాంగం కూడా దానికి లేకుండా పోయింది. బొగ్గు వ్యాగన్ల మాట ఎలా ఉన్నా, ప్రయాణికులు ఎక్కి దిగే స్టేషన్‌గా ఇల్లెందు బతుకు ఎన్నడో ముగిసింది. టికెట్టు కొనుక్కుని ఆ ఊరికి రైల్లో వెళ్ళినవారు ఇప్పుడు వయసు మళ్ళినవారే.

ఆ అడవిలోకి రైలు వెళ్ళడానికి కారణం బొగ్గు ఒక్కటే. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు ఉన్నట్టు కనుగొన్నాడు. గోదావరి లోయలోని బొగ్గు పొరల్లో ఒకదానిని నేటికీ ఆయన పేరుతో కింగ్ సీమ్ అని పిలుస్తారు. అయితే నేలలో బొగ్గు ఉందని తెలియడం వేరు, దానిని పైకి తీసి అమ్మడం వేరు. ఎడ్లబండ్ల మీద అడవి దాటించే సరుకు కాదు అది. దక్షిణాదిన నడిచే ఇంజన్లకు, మిల్లులకు ఆ రోజుల్లో బెంగాల్ బొగ్గు ఓడల్లో మద్రాసు రేవుకు వచ్చి అక్కడి నుంచి లోపలికి చేరేది. నిజాం రాజ్యంలో తొలి రైలు మార్గం నేటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో తెరుచుకుంది. అది పడమట బొంబాయి వైపు మాత్రమే తలుపు తీసింది. తూర్పున వరంగల్ సుభాలోని బొగ్గుకు దారి లేదు. ఆ దారి లేనంతకాలం కింగ్ కనుగొన్నది సర్వే కాగితాలకే పరిమితమై ఉండిపోయింది.

ఆ దారి కోసం జరిగిన వ్యవహారమే హైదరాబాద్ నగరంలో తొలి ప్రజాందోళనకు కారణమైందన్న సంగతి మన పిల్లలకు ఏ పాఠంలోనూ గట్టిగా చెప్పడం లేదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా ఒక కొమ్మ బెజవాడకు, మరో కొమ్మ చాందాకు (నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు) వేయాలన్నది ఆనాటి పథకం. దానికి చాందా రైల్వే పథకం అన్న పేరు స్థిరపడింది. పెట్టుబడి లండన్‌లో సేకరించాలి, ఆ పెట్టుబడికి తగిన రాబడి రాకపోతే లోటును నిజాం ఖజానా పూడ్చాలి. 1883 ఫిబ్రవరిలో రాజ్యపు దివాను (ప్రధాన మంత్రి) మొదటి సాలార్ జంగ్ కన్నుమూశాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. రాజ్యాన్ని ఇతరులు చూస్తున్న అటువంటి సమయంలో ఇంత బరువైన హామీ ఇవ్వబోతున్నారని తెలిసినప్పుడు నగరంలోని చదువుకున్నవారు కొందరు ఒక సంఘంగా కూడి, ఒప్పందం షరతులు ప్రజలకు తెలియజేయండి, ఆలోచించడానికి వ్యవధి ఇవ్వండి అని అడిగారు. వారు అడిగింది అంతే. అడిగినవారిలో హైదరాబాద్ కళాశాల ప్రిన్సిపాల్ డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. 1883 మే నెలలో వారిని రాజ్యం నుంచి బహిష్కరించారు.

అఘోరనాథ్ సరోజినీ నాయుడు తండ్రి అని అందరికీ తెలుసు. కొంతకాలానికి ఆయనను మళ్ళీ నగరంలోకి రానిచ్చారన్నదీ కొందరికి తెలుసు. ఆయన దేని గురించి మాట్లాడి ఊరు విడవవలసి వచ్చిందో అడిగితే మాత్రం చాందా అన్న ఒక్క పేరు దగ్గర ఆగిపోతాం. నిజానికి చాందా వైపు దారి ఆనాడు పడనే లేదు. కాజీపేట నుంచి చాందా దగ్గరి బల్హార్షా మార్గం పూర్తి కావడానికి 1929 దాకా ఆగవలసి వచ్చింది. ఆనాడు పడింది తూర్పు దారి. 1886కు వరంగల్ చేరింది, 1888కి డోర్నకల్ దాటి ఇల్లెందు గనుల దగ్గరికి వెళ్ళింది, 1889కి బెజవాడ ముట్టింది. అంటే హైదరాబాద్ పౌరులు ప్రశ్నించినందుకు శిక్ష అనుభవించిన పథకంలో మొదట ఫలించిన కొమ్మల్లో ఇల్లెందు ఒకటి. ఒక మూలన ఉన్న చిన్న స్టేషన్ చరిత్ర నగర చరిత్రతో ఇంతగా పెనవేసుకుని ఉంది కనుకనే దానిని స్థానిక విశేషంగా కొట్టివేయడానికి వీలులేదని నా వాదన.

ఆ మార్గం వేసింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ. గ్యారంటీ అన్న మాట పేరులోనే ఉంది. పెట్టుబడి మీద ఏటా నూటికి ఐదు వంతున ఇరవై ఏళ్ళ పాటు రాబడికి నిజాం ప్రభుత్వం పూచీ పడింది. వ్యాపారం బాగా నడిస్తే లాభం వాటాదారులది, నడవకపోతే భారం రైతు కట్టిన శిస్తు మీద పడుతుంది. అఘోరనాథ్ బృందం షరతులు చూపించమని అడగడంలో ఎంత న్యాయం ఉందో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఆ పూచీ భారం ఎంతవరకు తగ్గుతుందన్నది బొగ్గు రవాణా మీద కూడా ఆధారపడి ఉంది. ఇల్లెందు శాఖను అందుకోసమే వేశారు తప్ప, అడవి పల్లెల వారి రాకపోకల కోసం కాదు.

గనుల సంగతి ఇంకా చిక్కైనది. రైల్వే వ్యవహారాన్ని లండన్‌లో నడిపిన నిజాం ప్రభుత్వ అధికారి అబ్దుల్ హఖ్ చేతుల మీదుగానే 1886లో గనుల హక్కులు ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. వాటాల అమ్మకంలో జరిగిన అక్రమాలు బయటపడడంతో నిజాం ప్రభుత్వం అబ్దుల్ హఖ్‌ను పదవి నుంచి తప్పించింది, బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ 1888లో సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. రైలు ఇల్లెందు చేరిన ఏడూ ఆ విచారణ జరిగిన ఏడూ ఒక్కటే. అడవిలో కూలీలు కట్ట పోసి పట్టాలు పరుస్తున్న కాలంలోనే, ఆ పట్టాల చివర ఉన్న సంపద ఎవరి పాలైందని వేల మైళ్ళ దూరంలో ప్రశ్నలు వేశారు. విచారణ నివేదిక అచ్చులో మిగిలింది. పట్టాలు పరిచినవారి పేరు ఒక్కటీ మిగలలేదు.

1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. సింగరేణి అనేది కారేపల్లి దగ్గరి ఊరు, ఇవాళ ఆ మండలానికీ అదే పేరు. ఆ ఊరి పేరు గనులన్నిటికీ వ్యాపించి, 1920 డిసెంబర్ 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి స్థిరపడింది. ఏటా ఆ తేదీన జరిపే సింగరేణి దినోత్సవంలో సంస్థ నూరేళ్ళు దాటిన ఘనతను చెప్పుకోవడం సముచితమే. అయితే కంపెనీ పుట్టడానికి మూడు దశాబ్దాల ముందే ఇల్లెందు స్టేషన్ నుంచి బొగ్గు కదిలింది. ఈ రాజ్యపు రైళ్ళే కాక మద్రాసు రైల్వే వంటి పొరుగు సంస్థలు, నూలు మిల్లులు ఆ బొగ్గు కొన్నాయి. బెంగాల్ బొగ్గు మీద ఆధారపడవలసిన అవసరం దక్షిణాదికి కొంతైనా తగ్గింది ఈ ఒక్క శాఖ వల్లనే.

రైలు తెచ్చిన మనుషుల గురించి కూడా చెప్పాలి. గని పని తెలిసినవారు దూర ప్రాంతాల నుంచి వచ్చారు, పని కోసం చుట్టుపక్కల తాలూకాల వారు, కోస్తా జిల్లాల వారు వచ్చారు. తరతరాలుగా ఆ అడవిలో ఉంటున్న కోయలకు తమ నేల మీద ఒక కొత్త ఊరు లేవడం చూడవలసి వచ్చింది. ఇల్లెందుకు బొగ్గుట్ట అన్న పేరు ఆ రోజుల నుంచే జనం నోట నిలిచింది. జంక్షన్ అయినందువల్ల డోర్నకల్ కూడా పెరిగింది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య 1912 నుంచి డోర్నకల్ కేంద్రంగా పనిచేశాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కథీడ్రల్‌ను చూడడానికి వెళ్ళేవారు ఇవాళ కూడా ఆ జంక్షన్‌లోనే దిగుతారు. ఒక బొగ్గు శాఖ చీలిన చోట ఇంత చరిత్ర పోగుపడింది. ఆ శాఖ వెళ్ళి ఆగిన చోట ఎంత పోగుపడి ఉంటుందో ఎవరైనా కూర్చుని వెతికితేనే తెలుస్తుంది.

ఇల్లెందు స్టేషన్ ప్రాముఖ్యం తగ్గడం 1927 నుంచి మొదలైందని చెప్పవచ్చు. ఆ ఏడు కారేపల్లి నుంచి కొత్తగూడానికి మరో దారి వేశారు. అక్కడి స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. రాముల వారి దర్శనానికి పోయే యాత్రికులు, కొత్త గనుల బొగ్గు, చివరికి సింగరేణి ప్రధాన కార్యాలయం కూడా ఆ వైపే చేరాయి. దానితో ఇల్లెందు దారి ప్రధాన శాఖ కాస్తా కారేపల్లి దగ్గర పక్కకు తిరిగే కొమ్మ అయింది. ఇక్కడ మరొక మాట గుర్తు చేయాలి. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం ఈ రైల్వేను కంపెనీ నుంచి తన చేతికి తీసుకుంది. 1932 జూన్‌లో ఆ రైల్వే శాఖే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. మన ఆర్టీసీకి మూలం అదే. అప్పట్లో బస్సు రైలుకు తోడుగా వచ్చింది. రోడ్లు పెరిగేకొద్దీ, జంక్షన్‌లో దిగి గంటల తరబడి మరో బండి కోసం కూర్చోవడం కన్నా నేరుగా ఊళ్ళోకి దింపే బస్సే జనానికి నయమైంది. చిన్న శాఖల మీది స్టేషన్లు ఖాళీ కావడానికి దేశమంతటా ఇదే ముఖ్య కారణం.

మీటర్ గేజి దారుల మీది పాత స్టేషన్లు గేజి మార్పిడి సమయంలో పోయాయి కదా, ఇదీ అలాంటిదేనని కొందరు అనుకోవచ్చు. కాదు. ఇల్లెందు శాఖ మొదటి నుంచి బ్రాడ్ గేజే. పట్టాలు పనికిరాక కాదు, ప్రయాణికుడు లెక్కలోకి రాక ఆ స్టేషన్ మూగబోయింది. పైగా రైల్వేలు ఆవిరి ఇంజన్లను వదిలి డీజిలుకు, కరెంటుకు మారడంతో బొగ్గుకూ రైలుకూ ఉన్న పాత బంధుత్వం తెగింది. ఆ తర్వాత బొగ్గు విద్యుత్ కేంద్రాల సరుకు అయింది. ఆ సరుకు ఎక్కడ ఎక్కువగా దొరికితే దారులు అక్కడికి వెళ్ళాయి. ఇటీవల భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి వేసిన కొత్త మార్గం కూడా బొగ్గు కోసమే. సత్తుపల్లి వాసులకు ప్రయాణికుల బండి ఎప్పుడన్న ప్రశ్న అక్కడా ఉంది. 1888లో ఇల్లెందుకు జరిగింది తెలిసి ఉంటే ఆ ప్రశ్నను పథకం వేసే రోజునే గట్టిగా అడిగేవారు.

మా పెదనాన్న ఇల్లెందు గనిలో పనిచేసేవాడు. వేసవి సెలవులకు మేము సికింద్రాబాద్‌లో రాత్రి బండి ఎక్కి డోర్నకల్‌లో దిగి, బండి మారి వెళ్ళేవాళ్ళం. ఆ చిన్న బండిలో ఎక్కువమంది గని కుటుంబాలవాళ్ళే. సంచుల్లో బియ్యం, పప్పు, పెళ్ళి బట్టలు, ఒక్కోసారి ఆసుపత్రి నుంచి తీసుకువస్తున్న మనిషి. షిఫ్టు దిగి వచ్చినవాడు బంధువుల కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే, బండి దిగుతున్న పిల్లలు బొగ్గు నలుపు మధ్య తండ్రి ముఖాన్ని వెతుక్కునేవారు. ఇటువంటి జ్ఞాపకం ఆ ప్రాంతపు ప్రతి గని కుటుంబంలోనూ ఉంటుంది. నా ఒక్కడి బాల్యానికి విలువ కట్టమని నేను అడగడం లేదు. ఒక పారిశ్రామిక ప్రాంతపు ప్రజల అనుభవంలో ఇంత భాగం కేవలం నోటి మాటగా మిగిలి, ఆ మాట చెప్పేవారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారని మాత్రమే చెబుతున్నాను. మా పెదనాన్న పోయి చాలాకాలమైంది. ఆయనను అడిగి రాసుకోవలసినవి ఎన్నో ఆయనతోపాటే వెళ్ళాయి.

ఈ చరిత్రకు ఆధారాలు లేవనుకోవడం పొరపాటు. నిజాం ప్రభుత్వ దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర ప్రభుత్వ పాత పత్రాల భాండాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్‌లో) ఉన్నాయి. వాటిలో రైల్వేకు, గనులకు సంబంధించిన ఫారసీ, ఉర్దూ కాగితాలను చదవగలిగినవారు రోజురోజుకూ తగ్గుతున్నారు. 1951 నవంబర్‌లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యాజమాన్యం మారిన ప్రతిసారీ కాగితాలు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తరలుతాయి, తరలినప్పుడల్లా కొన్ని దారిలో పోతాయి. స్టేషన్ల నక్షాలు, పని వేళల పట్టికలు, సైడింగుల (సరుకు ఎక్కించే పక్క పట్టాల) ఒప్పందాలు దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమైన రైల్ నిలయంలోనూ డివిజన్ కార్యాలయాల్లోనూ ఏ మేరకు మిగిలి ఉన్నాయో లెక్క తీయాలి. గనుల వైపు కాగితాలు సింగరేణి సంస్థ దగ్గర ఉండాలి. లండన్ విచారణ నివేదిక అచ్చయిన పత్రమే కనుక దాని ప్రతి సంపాదించడం విశ్వవిద్యాలయాలకు కష్టమైన పని కాదు. ఇవన్నీ ఒక చోట పెట్టి చదివినవారు లేకపోవడమే అసలు లోటు.

కాబట్టి దక్షిణ మధ్య రైల్వే, సింగరేణి సంస్థ, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి ఇల్లెందు శాఖ చరిత్రను తయారు చేయించాలని కోరుతున్నాను. డోర్నకల్ నుంచి ఇల్లెందు దాకా పాత కట్టడాలు, వంతెనలు, ప్లాట్‌ఫారాలు, సిబ్బంది ఇళ్ళు ఏవి మిగిలాయో కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేయాలి. ఏదైనా కట్టడాన్ని తొలగించవలసి వస్తే ఈ నమోదు పూర్తయ్యేదాకా తొలగించకూడదు. ఆ దారిలో పనిచేసిన గార్డులు, పాయింట్స్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, గని కార్మికులు, అక్కడే పుట్టి పెరిగిన కోయ పెద్దలు చెప్పేది వారి మాటల్లోనే రికార్డు చేయాలి. ఈ చివరి పనికి గడువు అన్నిటికన్నా తక్కువ. స్టేషన్ ఉన్న చోట తెలుగులో ఒక వివరమైన ఫలకం నిలపాలి. అందులో కింగ్ పేరు, నిజాం పేరు మాత్రమే రాసి ఊరుకోకుండా 1883లో షరతులు అడిగి బహిష్కృతులైనవారి మాట, కట్ట పోసిన కూలీల మాట కూడా ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క స్టేషన్ ముఖద్వారం అలంకరణకు అయ్యేదానిలో చిన్న భాగం కూడా కాదు.

ఇల్లెందుకు మళ్ళీ ప్రయాణికుల రైలు నడపాలన్న కోరిక అక్కడి ప్రజల్లో ఉంది. అది సాధ్యమా కాదా అన్నది రైల్వే నిపుణులు తేల్చవలసిన విషయం, నేను దాని జోలికి పోవడం లేదు. అయితే ఆ కోరికను వినతిపత్రాల్లో రాసేవారికి సైతం తమ స్టేషన్ ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది, ఎవరి డబ్బుతో పుట్టింది అన్న వివరం చేతిలో ఉండడం అవసరం. నిజాం ఖజానా పూచీతో, అంటే ఈ నేల రైతుల పన్నుల పూచీతో పడిన దారి అది. దాని మీద ఈ ప్రాంతపు మనిషికి ఉన్న హక్కు బొగ్గు వ్యాగన్ హక్కు కన్నా తక్కువది కాదు.

మీ పత్రికకు ఖమ్మం, మహబూబాబాద్, కొత్తగూడెం మూడు చోట్లా విలేకరులు ఉన్నారు. పాత టికెట్లు, నియామక పత్రాలు, స్టేషన్ దగ్గర తీయించుకున్న కుటుంబ ఛాయాచిత్రాలు దాచుకున్నవారు వాటి నకళ్ళను మీ స్థానిక కార్యాలయాల్లో అందజేయవచ్చని ఒక ప్రకటన వేస్తే, ప్రభుత్వం కదిలేలోపు కొంత పని జరుగుతుంది. ఆ నకళ్ళను తేదీలవారీగా అమర్చి, వివరాలు రాసి, తార్నాక భాండాగారానికి అప్పగించే పనిలో నా వంతు శ్రమ చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
చిలకలగూడ, హైదరాబాద్